‘అన్’ వినపడిందా?

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత బీజెడ్‌సీ డిగ్రీ, చేతిలో ఉద్యోగం లేదు. 2003లో నా పరిస్థితి అది. అప్పట్లో అమీర్‌పేటలో ఏ మేడ ఎక్కినా నాకు రెండు రకాల బోర్డులే కనపడేవి: ఒకటి సాఫ్ట్‌వేరు, రెండోది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. మొదటిదానికి నా దగ్గర లెక్కలు లేవు. రెండోదానికి ‘బయాలజీ వాళ్ళయితే మంచిది’ అన్నారు. నాన్న పీఎఫ్ మీద లోను తీసి ఫీజు కట్టాడు.

పని ఇదీ. అమెరికాలో డాక్టరు పేషెంటును చూశాక ఆ వివరాలన్నీ ఫోన్లోనో రికార్డర్లోనో గడగడా చెప్పేసి ఇంటికెళ్ళిపోతాడు. వాళ్ళకు రాత్రి పడేసరికి మనకు తెల్లారుతుంది. మనం విని టైపు చేసి పంపితే, ఆయన మర్నాడు వచ్చేసరికి రిపోర్టు తయారుగా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలికింద పెడల్. నొక్కితే మాట నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది, పక్కకు నొక్కితే వెనక్కి పోతుంది. చేతులు మాత్రం కీబోర్డు మీద నుంచి కదలకూడదు. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. పెడల్ సంగతి చెప్పగానే, “అయితే నువ్వూ డ్రైవరువేనమ్మా” అన్నాడు. “కాలు తేలిగ్గా పెట్టు. ఊరికే నొక్కుతా వదులుతా ఉంటే కేఎంపీఎల్ పడిపోద్ది.” లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్కే ఆ కేఎంపీఎల్. నాకు బళ్ళో మార్కులంటే ఏమిటో తెలియకముందే ఇంట్లో ఆ మాట తెలుసు.

ట్రైనింగులో రెండో వారం నుంచి పాత డిక్టేషన్లు వినిపించడం మొదలుపెట్టారు. ఎవరో ముసలి డాక్టరు, నిద్రలో మాట్లాడుతున్నట్టు గొంతు. హార్ట్ అన్‌రిమార్కబుల్. లంగ్స్ అన్‌రిమార్కబుల్. అబ్డామెన్ అన్‌రిమార్కబుల్. నా దగ్గరున్న చిన్న డిక్షనరీ తీసి చూశాను. రిమార్కబుల్ అంటే విశేషమైన, అద్భుతమైన, గొప్ప. దానికి ముందు ‘అన్’ తగిలిస్తే? గొప్పగా లేని గుండె. అంతంతమాత్రపు ఊపిరితిత్తులు. పాపం, ఎవరో ఏమో, ఒంట్లో ఒక్కటీ సరిగ్గా లేదే అనుకుని, నోట్సులో ఆ మాట పక్కన ‘అంత బాగా లేదు’ అని రాసుకున్నాను.

మాకు పాఠాలు చెప్పే మేడం అంతకుముందు చాలా ఏళ్ళు నర్సుగా చేసినావిడ. నా నోట్సు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

“నువ్వు ఊరెళ్తే మీ అమ్మ విశేషాలు చెప్తుందా?”

“చెప్తుంది మేడం.”

“ఏం చెప్తుంది?”

“ఎవరికో జ్వరం వచ్చిందనీ, ఎవరి సంబంధమో చెడిపోయిందనీ, పక్కింటోళ్ళ గేదె చచ్చిపోయిందనీ…”

“మరి విశేషాలేం లేవే అందనుకో?”

“అందరూ బానే ఉన్నట్టు.”

“ఆఁ, అదే. డాక్టరుకు ఆ గుండెలో విశేషాలేం కనపడలేదు.”

అంతకన్నా మంచి పాఠం ఆ మూడు నెలల్లో ఇంకోటి వినలేదు నేను. రిమార్క్ అంటే గమనించి ఒక మాట అనడం. రిమార్కబుల్ అంటే అలా గమనించి చెప్పుకోదగ్గది. గొప్ప, అద్భుతం అన్నవి దానికి మొలిచిన కొమ్మలు. డాక్టర్లు కొమ్మ పట్టుకోరు, మొదలు పట్టుకుంటారు. చూశాను, కాగితం మీద పెట్టాల్సినంతది ఏమీ కనపడలేదు అని చెప్పడానికి వాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. తెలుగులో ‘చెప్పుకోదగ్గదేమీ లేదు’ అంటాం కదా, అదీ అచ్చంగా ఇలాగే రెండు వైపులా పదునున్న మాట. సినిమా గురించి అంటే తీసిపారేసినట్టు. ఒంటి గురించి అంటే గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోవచ్చు.

విశేషం అన్న మాటకు మన ఇళ్ళల్లో ఇంకో వాడుక కూడా ఉంది. పెళ్ళయిన ఆరు నెలలకు పెద్దమ్మలు పక్కకు పిలిచి ‘ఏమన్నా విశేషమా?’ అని అడుగుతారు చూడండీ, అది. అలాంటి విశేషం ఉంటే డాక్టరు కూడా ఆ గర్భసంచిని అన్‌రిమార్కబుల్ అని వదిలెయ్యడు, గ్రావిడ్ అని వేరే మాట వాడతాడు. ఈ సంగతి తెలిసినరోజు మా క్లాసులో ఆడపిల్లలమంతా చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ ఒక్క మాట అర్థమయ్యాక మిగతావి వరసగా తలకిందులయ్యాయి. ఇంప్రెసివ్ అంటే మనమెవరమైనా మెచ్చుకున్నారనుకుంటాం. ఎక్స్‌రే ఇంప్రెసివ్‌గా ఉందని డాక్టరు అన్నాడంటే అందులో గట్టిదే ఏదో కనపడిందని. గ్రాస్లీ అంటే అసహ్యంగా అని కాదు, స్థూలంగా, పైపైన చూసినంతలో అని. మర్మర్ అప్రీషియేట్ కాలేదు అంటే దాన్నెవరూ మెచ్చుకోలేదని కాదు, గుండెలో మర్మరధ్వని వినపడలేదని. ఇక డినైస్ అనే మాట ఉంది. పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పోలీస్ స్టేషన్లో నేరం ఒప్పుకోవట్లేదనిపించింది. ఛాతీలో నొప్పుందా అని డాక్టరు అడిగాడు, లేదన్నాడు. అంతే.

కోర్సయ్యాక ఒక చిన్న కంపెనీలో చేరాను. ట్రైనీకి జీతం కన్నా తిట్లు ఎక్కువ. లైన్ల లెక్కన పని: ఖాళీలతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. తప్పులు నూటికి రెండు దాటకూడదు, అంటే కరెక్ట్‌నెస్ 98 శాతం. మనం చేసిన ఫైలు క్యూఏ, అంటే క్వాలిటీ చూసే వాళ్ళ దగ్గరికెళ్తుంది. వాళ్ళు మళ్ళీ మొత్తం విని, తప్పుల మీద ఎర్ర రంగు పూసి వెనక్కి పంపిస్తారు. కామా పోతే చిన్న తప్పు. మందు పేరో డోసో మారినా, అర్థం తిరగబడినా క్రిటికల్. ఒక్క క్రిటికల్ పడితే ఆ రోజు మార్కులు గోవిందా.

నా మొదటి క్రిటికల్ రెండో నెల్లో పడింది. ఆ డాక్టరుకు డిక్టేషన్ చెబుతూ ఏదో నమిలే అలవాటు. వెనకాల ఎవరో కుర్చీలు జరుపుతుంటారు. నాకు వినపడింది నేను టైపు చేశాను: అబ్డామెన్ ఈజ్ రిమార్కబుల్. సాయంత్రానికి ఫైలు ఎర్రగా వచ్చింది. క్యూఏలో ఉండే సీనియర్ అక్క హెడ్‌ఫోన్లు నాకిచ్చి అదే ముక్క మళ్ళీ పెట్టింది.

“‘అన్’ వినపడిందా?”

“లేదక్కా.”

మళ్ళీ పెట్టింది. నిజంగానే వినపడలేదు. నాలుగోసారి వినేటప్పుడు ఈజ్‌కీ రిమార్కబుల్‌కీ మధ్య ముక్కులోంచి చిన్న మూలుగు లాంటిది తగిలింది. దాన్ని ‘అన్’ అని ఎవరైనా అనగలరా?

“చెవితో కాదు, వాక్యంతో విను” అంది అక్క. “రిమార్కబుల్ అన్నాడంటే వెనకాల ‘ఫర్’ అని తోక రావాలి. రిమార్కబుల్ ఫర్ వాపు, రిమార్కబుల్ ఫర్ గడ్డ. ఏం కనపడిందో చెప్పకుండా రిమార్కబుల్ అని ఎవడూ ఊరుకోడు. తోక లేదంటే ముందు ‘అన్’ మింగేశాడన్నమాట. ఆ తర్వాత లైను చూడు, ఏమన్నాడు? సాఫ్ట్, నాన్‌టెండర్. పొట్ట మెత్తగా ఉంది, నొక్కితే నొప్పి లేదు. నువ్వేమో అందులో బ్రహ్మాండం ఉందని రాశావు.”

ఆ రోజు నుంచి నాకు ఆ మాట వచ్చిన ప్రతిచోటా పెడల్ మీద కాలు దానంతటదే వెనక్కి పోయేది. ‘హార్ట్ అండ్ లంగ్స్ అన్‌రిమార్కబుల్’ అని ఒకడు, ‘హార్ట్ అన్‌రిమార్కబుల్ అండ్ లంగ్స్’ అని ఇంకొకడు. అండ్, ఇన్, అన్ మూడూ ఒకే మూలుగు. అమెరికన్ల కన్నా అక్కడ స్థిరపడిన మనవాళ్ళ డిక్టేషన్లే నాకు హాయి. ఒక తెలుగు డాక్టరు ఉండేవాడు. తెలుగని ఎవరూ చెప్పలేదు, ఆ ‘ర’కారమే చెప్పింది. అన్, రిమార్కబుల్ అని రెండు ముక్కలుగా విరిచి, బల్ల మీద పెట్టినట్టు చెప్పేవాడు. ఆ ఫైళ్ళ కోసం మాలో మాకు పోటీ.

ఐదారేళ్ళకు నేనూ క్యూఏలోకి వచ్చాను. అప్పుడు అర్థమైంది, మింగేసిన ‘అన్’ కన్నా అలవాటుగా వచ్చేసే ‘అన్’ ఎక్కువ ప్రమాదమని. చాలామంది డాక్టర్లు ఒక నార్మల్ రిపోర్టు ముందే రాయించి పెట్టుకుంటారు. ‘యూజ్ మై నార్మల్స్’ అంటారు, మనం ఆ పేరా తెచ్చి అతికించాలి. రాయించుకోనివాళ్ళకు అది నోట్లోనే ఉంటుంది, పూజలో కేశవనామాల్లా వచ్చేస్తుంది. లివర్, గాల్‌బ్లాడర్, ప్యాంక్రియాస్, స్ప్లీన్, అన్నీ అన్‌రిమార్కబుల్. ఒకసారి అలాంటి స్కాన్ రిపోర్టు నా దగ్గరికొచ్చింది. కొత్తగా చేరిన పిల్ల విన్నది విన్నట్టు టైపు చేసింది, ఒక్క తప్పు లేదు. కానీ పైన హిస్టరీలో కొలిసిస్టెక్టమీ అని ఉంది. అంటే ఆ పేషెంటుకు గాల్‌బ్లాడర్, అదే పిత్తాశయం, ఎప్పుడో తీసేశారు. లేని అవయవాన్ని చూసి చెప్పుకోదగ్గదేమీ లేదని చెప్పాడు మహానుభావుడు.

దిద్దే అధికారం మాకు లేదు. డాక్టరు మాట మార్చకూడదు, అనుమానం ఉంటే ఆ చోట ఖాళీ వదిలి ఫ్లాగ్ పెట్టి పంపాలి. పంపాను. మర్నాడు గాల్‌బ్లాడర్ పక్కన ‘సర్జికల్లీ ఆబ్సెంట్’ అని దిద్దుకుని, మాకు థాంక్స్ అని ఒక్క ముక్క రాశాడు. ఆ మాట బరువు నాకు ఆ రోజు తెలిసింది. నార్మల్ అంటే అవయవం గురించి తీర్పు. అన్‌రిమార్కబుల్ అంటే చూసినవాడి గురించి కూడా ఒక హామీ: నేను చూశాను అని. చూడకుండా వాడితే అది ఉత్త శబ్దం. కొందరు రేడియాలజిస్టులకు అసలీ మాటే నచ్చదు. బాగుంటే బాగుందని తిన్నగా చెప్పక ఈ డొంకతిరుగుడు ఎందుకంటారు. నాకు మాత్రం ఆ జాగ్రత్త నచ్చుతుంది. నేను చూసినంతలో, ఈ వయసువాళ్ళలో ఉండేవి కాక, కొత్తగా చెప్పాల్సింది లేదు అనడంలో ఒక వినయం ఉంది. నిజంగా చూసినవాడు అంటేనే లెండి.

ఇన్నేళ్ళు ఆ మాటతో కాపురం చేస్తే ఒక చెడు జరిగింది. బయటి ఇంగ్లీషు నాకు తప్పుగా అర్థమవడం మొదలైంది. పేపర్లో ఒక క్రికెటర్ గురించి అన్‌రిమార్కబుల్ కెరీర్ అని రాస్తే, ఆహా, దెబ్బలు తగలకుండా ఆడాడు కాబోలు అనుకున్నాను. తర్వాత తట్టింది, అది ముక్కు విరుపని. మామూలు వాటిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు, దాదాపు అన్నిట్లోనూ చిన్నచూపు ఉంటుంది. మీడియోకర్ అంటే మూలంలో కొండ సగం ఎక్కి ఆగినవాడు. రన్ ఆఫ్ ది మిల్ అంటే మిల్లులోంచి ఏరకుండా, వేరుచెయ్యకుండా వచ్చిన సరుకు. పెడెస్ట్రియన్ అంటే నడిచి పోయేవాడు, గుర్రం లేనివాడు. వీటిల్లో దేన్నీ డాక్టరు మీ కిడ్నీ గురించి వాడడు. వాడాడా, మీరు ఇంకో డాక్టరు దగ్గరికి పొండి.

తెలుగులోకి తెద్దామని నేనూ చాలాసార్లు ప్రయత్నించాను. పర్వాలేదు అంటే ఏదో ఉంది కానీ సర్దుకోవచ్చు అని వినపడుతుంది. ఓ మోస్తరు అన్నారంటే ఇంకో స్కాను తీయించుకోవాల్సిందే. సాదాసీదా చీరకు బాగుంటుంది, స్ప్లీన్‌కు కాదు. మామూలు అన్నది ఉన్నంతలో నయం. ‘లివరు మామూలుగానే ఉందండీ’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. దానికి మళ్ళీ ‘మామూళ్ళు’ అనే దుష్ట సంతానం ఉందనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత మాట విని దానంతటదే టైపు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మా పని టైపు చెయ్యడం నుంచి మిషను టైపు చేసింది దిద్దడానికి తగ్గింది, లైను రేటు సగమైంది, చివరికి మా కంపెనీ మూతపడింది. మిషనుకు కూడా మొదట్లో ‘అన్’ వినపడేది కాదని మాత్రం తృప్తిగా చెప్పగలను. నేను బీఈడీ చేసి, ఇప్పుడు ఒక స్కూల్లో బయాలజీ చెప్పుకుంటున్నాను.

ఈ రిపోర్టులు ఒకప్పుడు డాక్టరు నుంచి డాక్టరుకు వెళ్ళే ఉత్తరాలు. పేషెంటు చదువుతాడని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు మన దగ్గర కవరు చేతికిచ్చి పంపిస్తారు. అమెరికాలోనైతే 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన రూలు ప్రకారం డాక్టరు చూడకముందే పేషెంటు ఫోన్లో రిపోర్టు కనపడవచ్చు. అదే ఏడాది మినెసోటా రాష్ట్రంలో ఏటా జరిగే పెద్ద తిరునాళ్ళలో 215 మందిని కూర్చోబెట్టి, ఇలాంటి డాక్టరు మాటలకు అర్థం అడిగారు. ఛాతీ ఎక్స్‌రే అన్‌రిమార్కబుల్ అంటే మంచి కబురని 80 శాతం మంది చెప్పారు. ఇంప్రెసివ్ అంటే చెడ్డ కబురని పట్టుకున్నది 21 శాతమే. పుట్టినప్పటి నుంచి ఆ భాషలోనే ఏడ్చి నవ్వేవాళ్ళలో కూడా అయిదుగురిలో ఒకరికి ఆ ‘అన్’ అందలేదంటే, నా పాత నోట్సు గుర్తొచ్చి కాస్త సిగ్గు తగ్గింది.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి తొమ్మిదింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది.

“అక్కా, నాన్న బాత్రూంలో జారి పడ్డాడే. తలకు దెబ్బ తగిలింది. స్కాను తీయించాం. రిపోర్టు చేతికిచ్చారు, డాక్టరేమో పొద్దున వస్తాడంట. ఏదో తేడాగా రాసుందే.”

“ఏం రాసుంది?”

“అన్‌రిమార్కబుల్ అంట. ఫోన్లో తెలుగులోకి మార్చి చూస్తే ‘గుర్తించలేనిది’ అని వచ్చింది. చిన్నమెదడు గుర్తించలేనిది అంట అక్కా!”

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫొటో తీసి పంపమన్నాను. సీటీ బ్రెయిన్, ప్లెయిన్. అలవాటు కొద్దీ కింద ఇంప్రెషన్, అంటే చివర తేల్చి చెప్పే ముక్క, దగ్గరికి పోకుండా పైనుంచి చదివాను. పేరు నాన్నదే. వయసు 74, సరిగ్గానే ఉంది. రక్తస్రావం లేదు. ఎముక విరగలేదు. చిన్నమెదడు, బ్రెయిన్‌స్టెమ్ అన్‌రిమార్కబుల్. వయసుతో వచ్చే సెరిబ్రల్ అట్రోఫీ. కాలికింద పెడల్ ఉన్నట్టు ఆ లైను మీద మళ్ళీ వెనక్కి వెళ్ళాను. ‘అన్’ ఉంది. అచ్చులో, స్పష్టంగా ఉంది.

వీడియో కాల్ చేశాను. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, నుదుటి మీద దూదీ ప్లాస్టరూ. అమ్మ పక్కనే, కళ్ళు తుడుచుకుంటోంది. అన్నీ విడమరిచి చెప్పాను. వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా వెంటనే తీసుకెళ్ళమన్నాను. స్కానులో లేదన్నంత మాత్రాన ఈ రాత్రంతా చూసుకోవద్దని కాదు, పెద్దవాళ్ళలో రక్తం ఆలస్యంగా చేరడమూ ఉంటుంది. తమ్ముడు తలూపుతూ, “మరి ఆ మాటేంటే?” అన్నాడు, ఇంకా నమ్మకం కుదరక.

నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నాడు. “రిమార్కు లేదని రా. నా సర్వీసు పుస్తకంలో కూడా అంతే. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఒక్క రిమార్కు లేదు. దీనికి డిక్షనరీలెందుకు?”

ఇరవయ్యేళ్ళ నా పరిజ్ఞానం అంతా అక్కడ చతికిలబడింది. నిజమే కదా, తెలుగు ఆఫీసుల్లో రిమార్కు అంటే ఎప్పుడైనా మంచి మాటా? రిమార్కు పడిందంటే ఇంక్రిమెంటు ఆగిందనేగా.

“ఆ రెండోదేంటమ్మా, అట్రో ఏదో అన్నావు?”

“వయసుకు తగ్గట్టు మెదడు కొంచెం కుదించుకుంటుంది నాన్నా. అందరికీ ఉండేదే.”

“అది రిమార్కు కాదా?”

“కాదు నాన్నా.”

కాసేపు ఆలోచించాడు. “ఔన్లే, పాత బండికి కేఎంపీఎల్ తగ్గిందని ఎవడు రాస్తాడు” అని, చేతిలో ఫోను తమ్ముడికిచ్చేసి, అన్నం పెట్టమని అమ్మను కేకేశాడు.